వాక్యానికి వదిలిన చోటు

"నవోమీ, వాక్యంలోంచి తప్పుకో!"

పెళ్ళయిన కొత్తల్లో ఎవరైనా నాతో ఈ మాట అంటే మతి చలించిందేమో అనుకునేదాన్ని. కానీ చాలా ఏళ్ళుగా అక్టోబరు వచ్చిందంటే మా ఆయన నోట నేను వినే మాట ఇదే. మా ఆయన పేరు జయరాజు. చేతిలో కెమెరా లేనప్పుడు బుద్ధిమంతుడే. కెమెరా ఉంటే మాత్రం భార్య కనిపించదు, అడ్డం మాత్రమే కనిపిస్తుంది.

సంగతేమిటంటే, వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో మేం వెళ్ళే తెలుగు చర్చి ఏటా ఒక గోడ కేలెండరు వేస్తుంది. నెలకో పేజీ, పేజీకో బొమ్మ, బొమ్మ మీద ఒక బైబిలు వాక్యం. అన్నిటికీ పైన ముఖచిత్రం. దాని మీద ఆ సంవత్సరపు వాగ్దానం ఉంటుంది. ఆ వాగ్దానం ఏమిటో పాస్టరు గారికీ, కేలెండరు డిజైన్ చేసే అమ్మాయికీ, విజయవాడలో అచ్చు వేసే ప్రెస్సువాళ్ళకీ తప్ప, డిసెంబరు ముప్పై ఒకటిన ఆరాధనలో చదివేదాకా ఎవరికీ తెలియకూడదు. ఫొటో తీసే మా ఆయనకీ తెలియకూడదు. కాబట్టి వచ్చేది ఒక వరుస వాక్యమో నాలుగు వరుసలదో ఎరగకుండానే దానికి సరిపడా చోటు ఫొటోలో ఖాళీగా వదలాలి. చెట్టు ఒక పక్కకి, ఖాళీ ఒక పక్కకి. ఆ ఖాళీలోకి కొమ్మ రాకూడదు, కరెంటు తీగ రాకూడదు, పక్షి రాకూడదు. ముఖ్యంగా నేను రాకూడదు.

మా ఇంట్లో ఆయన తీసిన చెట్ల ఫొటోలు బీరువాల నిండా ఉన్నాయి. వాటిల్లో నిండు చెట్టు ఒక్కటీ లేదు. "సగం చెట్ల జయరాజు గారు" అని నేను ఏడిపించేదాన్ని. "మిగతా సగం నాది కాదు, దేవుడిది" అనేవారు. అలాంటి జవాబులిచ్చే మనిషితో పోట్లాడటం కష్టం. అయినా నేను మానలేదు.

మేముండేది ఫ్రంట్ రాయల్ అనే చిన్న ఊరు దాటాక, బ్లూ రిడ్జ్ కొండలు మొదలయ్యే చోట. చర్చి గంట దూరం, ఇండియన్ స్టోరు గంట దూరం, కొండ మాత్రం కిటికీ తీస్తే ఎదురుగా. అది చూసే ఆయన ఈ ఇల్లు కొన్నారు. నాది తణుకు పక్క. కాలువలు, వరిచేలు, అప్పడంలా చదునైన నేల. చెట్టు ఎర్రబడి ఆకు రాల్చిందంటే తెగులు పట్టిందని మందు కొట్టే ఊరు మాది. ఇక్కడ అదే చూడటానికి వాషింగ్టన్ నుంచి కార్లు బారులు తీరి వస్తాయి. మా చర్చి కుటుంబాలు కూడా పట్టుచీరలు కట్టుకుని, పిల్లలకి ఆవపువ్వు రంగు చొక్కాలు తొడిగి వచ్చి, పసుపు చెట్ల ముందు నిలబడి, ఫొటోలో పిల్లలు కనబడటం లేదని వెతుక్కుంటారు.

ఈ రంగుకి ఒక పద్ధతి ఉంది. కొండ నెత్తిన మొదలై మెల్లగా కిందకి దిగుతుంది. పైన అక్టోబరు సగానికల్లా అయిపోతుంది, మా వాకిట్లోకి వచ్చేసరికి నెలాఖరు. అది దిగి వచ్చేదాకా ఆగడం ఆయనకి చేతకాదు. తెల్లవారుతూనే కొండ మీది స్కైలైన్ డ్రైవ్ రోడ్డు ఎక్కి దానికి ఎదురెళ్ళాలి. నేను ఫ్లాస్కులో టీ పట్టుకుని, కెమెరా స్టాండు మోసుకుని వెనకాల. ఇంటి చుట్టూ ఉన్న చెట్ల మీదికి ఆయన ఒక్కసారైనా కెమెరా తిప్పగా నేను చూడలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్లు కేలెండరుకీ పనికిరాలేదు.

మొన్న ఆగస్టులో ఆయనకి బైపాస్ జరిగింది.

ఆపరేషను బాగానే జరిగింది. మా అబ్బాయి షాలేం రాజు ట్రాయ్ నుంచి విమానంలో వచ్చి వారం ఉండి వెళ్ళాడు. గుండె బాగుపడింది. మనిషే బాగుపడలేదు. దగ్గినప్పుడు ఛాతీకి అదుముకోమని హాస్పిటల్‌లో ఎర్రటి గుండె ఆకారంలో చిన్న దిండు ఇస్తారు. దాన్ని పొట్ట మీద పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, టీవీలో ఏది వస్తే అది చూసేవారు. ఆపరేషను అయినవాళ్ళని ఇంటికొచ్చి చూసే రీహాబ్ నర్సు వచ్చి "రోజూ నడవాలి" అని చెప్పి వెళ్ళేది. ఆయన తల ఊపేవారు. ఆమె కారు మలుపు తిరగ్గానే మళ్ళీ కుర్చీ.

"కాసేపు నడుద్దామండీ."

"రేపు."

"కాఫీ తాగుతారా?"

"ఊఁ."

"పాస్టరు గారు ఫోన్ చేశారు, మాట్లాడతారా?"

"వద్దు."

నేను కూడా నర్సునే. రిటైరయ్యేదాకా హాస్పిటల్లోనే బతికాను. ఆపరేషను తర్వాత మూలుగుతూనే లేచి నడిచి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళని చూశాను. రిపోర్టులన్నీ బాగుండి కూడా కుర్చీలో కూర్చుని, ఆ కుర్చీలోనే అయిపోయినవాళ్ళనీ చూశాను. ఈయన రెండో రకం వైపు వెళ్తున్నారు. అది నాకు తెలుస్తోంది. అరిచాను, బతిమాలాను, అలిగాను, ప్రార్థన చేశాను. వంటగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను కూడా. నాకు భయం వేసింది, అంతే. నా మొగుడు టీవీ చూస్తూ చచ్చిపోతాడని భయం వేసింది.

అక్టోబరు మొదట్లో ఫెబీ ఫోన్ చేసింది. కేలెండరు డిజైన్ చేసే అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు చదవడం రాదు గానీ ఆ అక్షరాలని ఎక్కడ పెడితే అందంగా ఉంటాయో దానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నేను చపాతీ పిండి చేతులతో ఉండి స్పీకర్ నొక్కాను.

"హాయ్ ఆంటీ, అంకుల్‌కి ఎలా ఉంది? మంత్స్ పేజెస్ అన్నీ అంకుల్ సమ్మర్‌లోనే ఇచ్చారు కదా, అవి డన్. కవర్ ఒక్కటే లేదు. కానీ నో ప్రెషర్, ఓకే? అంకుల్ రెస్ట్ తీస్కోవాలి. నేను ఏఐతో చేస్తా. ఫాల్ ట్రీస్, మౌంటెన్, అన్నీ వస్తది. వెర్స్‌కి ప్లేస్ కూడా అదే వదుల్తది."

నేను నోరు తెరిచేలోపే కుర్చీలోంచి ఆయన గొంతు వినిపించింది.

"అదే మంచిది."

కోపంగా కాదు, బాధగా కాదు. పాలు అయిపోయాయంటే సరే అన్నట్టు. పన్నెండేళ్ళు ఒక్క ఏడాది కూడా ఆ ముఖచిత్రం ఇంకొకరిని తీయనివ్వని మనిషి.

"ఫొటో వస్తుందమ్మా" అన్నాను ఫోన్లో, గట్టిగా. "నెలాఖరుకి నీకు ఫొటో వస్తుంది. నీ కంప్యూటరుని అందాకా ఆగమను."

"షూర్ ఆంటీ! నవంబర్ ఫస్ట్ వీక్‌లో ప్రెస్‌కి పంపాలి, దట్స్ ఆల్."

అయినా ముందుజాగ్రత్తగా కాబోలు, సాయంత్రం ఒక నమూనా పంపింది. ఎర్రటి చెట్టు, వెనకాల మంచు కొండ, కింద చెరువు, చెరువులో హంస. బాగానే ఉంది. బిస్కెట్ డబ్బా మూత మీద బొమ్మలా మహా శుభ్రంగా ఉంది. ఏ ఊరి చెట్టో దానికే తెలియదు.

మర్నాడు ఆయన అల్మరాలోంచి కెమెరా తీశాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు. రోడ్డు మీంచి ఇంటికొచ్చే మా డ్రైవ్‌వే చివర, మెయిల్‌బాక్స్ పక్కన ఒక చెట్టు ఉంది. దానికేదో ఇంగ్లీషు పేరుంది, ఆయనకి తెలుసు. నాకు మాత్రం అది మెయిల్‌బాక్స్ చెట్టు. మా చెట్లన్నిట్లోకీ ముందు రంగు తిరిగేది అదే. ఒక్క కొమ్మ అప్పటికే పండుమిరపలా ఎర్రబడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎదురుగా నిలబడి, మొదలు నుంచి చివర దాకా చెట్టంతా పట్టేలా తీసి, తెచ్చి ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"ఊఁ" అన్నారు. టీవీ వైపు తిరిగారు. మళ్ళీ ఇటు తిరిగారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"వాక్యం ఎక్కడ పడుతుంది?"

నేను కెమెరా ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"చెట్టు మీద రాస్తారా వాక్యం? ఎటు చూసినా ఆకే కదా. అయినా ఎండలో తీస్తారా ఎవరైనా? ఆకాశం చూడు, సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది. మబ్బు పట్టేదాకా ఆగాలి. ఇన్నేళ్ళు నా వెనకాల తిరిగి ఇదా నువ్వు నేర్చుకున్నది?"

ఆగస్టు నుంచి ఆయన నాతో మాట్లాడిన అన్నిటికంటే పెద్ద ముక్క అది. తిట్టే గానీ, నా చెవులకి పాటలా ఉంది. "సరే, రేపు మళ్ళీ తీస్తాను" అని వంటగదిలోకి పోయి, సింక్ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు తట్టింది నాకు. ఈయనకి ఆకలి లేకపోవచ్చు, ఆశ లేకపోవచ్చు. కానీ కళ్ళ ముందు తప్పు జరుగుతుంటే ఊరుకోలేరు. చర్చిలో ఎవరి పాటైనా శ్రుతి తప్పితే పక్కన కూర్చుని మోకాలు కొట్టుకునే రకం. రీహాబ్ నర్సు చెప్పిన మంచి మాటలు చేయలేని పని ఒక చెడ్డ ఫొటో చేసింది.

ఇంకేం, ఆ రోజు నుంచి చెడ్డ ఫొటోలు తీయడమే పనిగా పెట్టుకున్నాను.

ఇంటి వెనకాల ప్రొపేన్ ట్యాంకు పక్కన ఒక మేపుల్ ఉంది. ఆ చెట్టుతో పాటు ట్యాంకు కూడా దర్జాగా పడేట్టు తీశాను. "గ్యాసు ట్యాంకు మీద వేస్తారా దేవుడి వాగ్దానం?" అని మండిపడ్డారు. "కొంచెం వంగి కింద నుంచి తీస్తే ట్యాంకు పోతుంది కదా!"

"నా మోకాళ్ళు వంగవు. ఎక్కణ్ణుంచి తీయాలో ఆ కిటికీలోంచి చూపించండి పోనీ."

విసుక్కుంటూనే లేచారు. దిండు ఛాతీకి అదుముకుని వెనక కిటికీ దాకా నడిచి, వేలితో చూపించారు. నేను ఫొటో చూస్తున్నట్టు నటిస్తూ ఆయన పెదవుల రంగు చూశాను, ఊపిరి విన్నాను. బాగానే ఉంది.

తర్వాత ఆకాశం వంకరగా తీశాను. నా వేలు అడ్డం పెట్టి తీశాను. చెట్టుకి బదులు పొరుగావిడ చెత్తబుట్ట తీశాను. ఒక్కో తప్పుకి ఆయన ఒక్కో అడుగు బయటికి వచ్చారు. కిటికీ అయ్యాక వెనక తలుపు, తలుపయ్యాక వరండా. వరండాలోకి వచ్చిన రోజున చలికోటు వేసుకోమంటే "నా సంగతి తర్వాత, ముందు ఆ స్టాండు తిన్నగా పెట్టు" అని కసిరారు. తినే అన్నం కూడా కాస్త పెరిగింది. ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు గానీ, నేను మొగుణ్ణి తప్పులతో లాగుతున్నాను.

ఇందులో నేను అనుకోనిది ఒకటి జరిగింది. చెడ్డ ఫొటో తీయడం అంత తేలిక కాదు. చెడగొట్టాలంటే ముందు ఏది బాగుందో కనిపెట్టాలి. ఎక్కడ నిలబడితే చెట్టు అందంగా ఉందో చూసుకుని, అక్కణ్ణుంచి పక్కకి జరగాలి. ఎప్పుడు వెలుతురు మెత్తగా ఉంటుందో తెలుసుకుని, అది పోయేదాకా ఆగాలి. అలా చూడగా చూడగా, ఇన్నేళ్ళూ కారులోంచి చూసి "బాగుంది, ఇక పదండి" అన్న చెట్లు నాకు మనుషుల్లా తెలియసాగాయి. మెయిల్‌బాక్స్ చెట్టు ఒక్కో కొమ్మే ఎర్రబడుతుంది, వంతులవారీగా. వెనక ఉన్న వాల్‌నట్ చెట్టుకి ఆ ఓపిక లేదు, పసుపు తిరిగిందో లేదో ఒక్క గాలికి అన్నీ వదిలేసి నిలబడుతుంది. ఓక్ చెట్లు చివరిదాకా పచ్చగానే ఉండి మనల్ని నమ్మిస్తాయి. పొద్దున్నే కాఫీ పట్టుకుని చూస్తే కొండ మీద రంగు నిన్నటికంటే కాస్త కిందకి దిగి ఉంటుంది. ఇన్నేళ్ళూ దానికి ఎదురెళ్ళాం మేము. ఇంటి దగ్గర ఉంటే అదే నడుచుకుంటూ మన వాకిట్లోకి వస్తుందని నాకు తెలియదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

కానీ ఆయన కెమెరా ముట్టుకోలేదు. అదొక్కటే నాకు మింగుడుపడటం లేదు. తిడతారు, వేలు పెట్టి చూపిస్తారు. చేతికిస్తే మాత్రం పక్కన పెట్టేస్తారు.

నెల చివరికొచ్చింది. మెయిల్‌బాక్స్ చెట్టు మొత్తం ఎర్రబడి వాకిలంతా వెలుగు పెట్టినట్టుంది. టీవీలో వాతావరణం మనిషి వచ్చి, రేపటి నుంచి గాలీ వానా అన్నాడు. గాలి వస్తే ఇక చెట్టు మీద ఏమీ మిగలదు. ఫెబీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, "ఆంటీ, ఎనీ లక్?" అని. నేను కెమెరా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"రేపు పొద్దున్నే మబ్బు ఉంటుంది. మీకు కావలసిన వెలుతురు. గాలి వచ్చేలోపు ఒక్కటి తీయండి."

"నువ్వు తీస్తున్నావుగా."

"నేను తీసేవి గ్యాసు ట్యాంకులూ చెత్తబుట్టలూ. మీరు తీయాలి."

"చెయ్యి వణుకుతోంది."

"స్టాండు వణకదుగా?"

ఆయన కెమెరా తీసి బల్ల మీద పెట్టారు. నెమ్మదిగా, జాగ్రత్తగా. ఆ జాగ్రత్త చూసేసరికి నా ఓపిక తెగిపోయింది.

"పెట్టెయ్యండి! అన్నీ అలాగే పెట్టెయ్యండి! ఆ పిల్ల కంప్యూటరు చెట్టు వేస్తుంది, మీరు అదే మంచిదన్నారు. రేపు మొగుడు కావాలంటే నేను కూడా కంప్యూటర్నే అడుగుతాలెండి. కుర్చీలో కూర్చుని టీవీ చూసే బొమ్మ ఒకటి గీసిపెట్టమంటాను. తేడా ఏముంది గనక!"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన దిండు అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నారు. తర్వాత నన్ను చూడకుండానే అన్నారు.

"ఆపరేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడు నాకు చాలా భయమేసింది నవోమీ. నీకు చెప్పలేదు. కళ్ళు మూసుకుని, ఈ ఏటి వాగ్దానం తలుచుకుందామనుకున్నాను. రోజూ చూసేదే కదా, వంటగదిలో గోడ మీద. ఒక్క ముక్క గుర్తు రాలేదు. నేను తీసిన చెట్టు కనిపించింది, నేను వదిలిన చోటు కనిపించింది. ఆ చోటులో ఏమీ లేదు. ఖాళీ. మత్తు ఎక్కేదాకా ఆ ఖాళీనే చూస్తూ ఉన్నాను."

నేను ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"మళ్ళీ కెమెరా పట్టుకుని ఆ ఖాళీ ఎలా కొలవమంటావు?"

నర్సుగా అయితే మత్తుమందుకి అలాగే అవుతుందనేదాన్ని. విశ్వాసిగా అయితే మనకి గుర్తు లేకపోయినా దేవుడికి మనం గుర్తుంటామనేదాన్ని, అది నేను నమ్ముతాను కూడా. కానీ ఆ పూట ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పొద్దున్న లేచేసరికి మబ్బు కమ్మి ఉంది. గాలి ఇంకా మొదలవలేదు. ఆయన పడుకునే ఉన్నారు. ఎందుకో నేను కెమెరా పట్టుకుని బయటికి వెళ్ళాను. చెడగొట్టే సరదా లేదు నాకు, బాగా తీయాలన్న పంతమూ లేదు. రాత్రి ఆయన అన్న మాట గుండెలో ముల్లులా ఉంది. మెయిల్‌బాక్స్ చెట్టు ముందు నిలబడ్డాను. ఎండ లేకపోయినా దాని ఎరుపు దానికే ఉంది, లోపలి నుంచి వస్తున్నట్టు. ఈసారి నిండా చూశాను, కాళ్ళు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి, ఒక్కటి తీసి, ఇంట్లోకొచ్చి కెమెరా బల్ల మీద పెట్టేశాను. ఏం తీశానో చూసుకోలేదు కూడా. కాఫీ కలిపి మూతపెట్టి, ఆయన పాత స్వెటర్ తొడుక్కుని, రేక్ తీసుకుని ఆకులు ఊడ్చడానికి పోయాను. గాలి రాబోతుంటే ఆకులు ఊడ్చేది నాలాంటి వెర్రిది ఒక్కర్తే. చేతులకి పని లేకపోతే నేను ఏడుస్తాను, అందుకని.

కాసేపటికి చెట్టు కొసలు కదలడం మొదలైంది. మొదటి గాలి. ఆకులు జల్లున రాలాయి. ఊడ్చిన చోటే మళ్ళీ ఎర్రగా కప్పేశాయి. నేను వాటిని తిడుతూ ఊడుస్తున్నాను.

"ఇది పంపు."

ఉలిక్కిపడి తిరిగి చూశాను. ఆయన. వరండాలో కాదు, వరండా మెట్ల మీద కాదు, డ్రైవ్‌వే సగంలో ఉన్నారు. కోటు వేసుకున్నారు, బొత్తాములు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. ఎడం చేతిలో స్టాండు కర్రలా ఊతగా ఉంది, కుడి చేతిలో కెమెరా. దిండు లేదు.

"మెల్లగా! ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఒక్కరినీ ఇంత దూరం!" రేక్ పారేసి పరిగెత్తబోయాను.

"అరవకు. ఇది చూడు ముందు." కెమెరా వెనక తెర మీద నేను పొద్దున్న తీసిన ఫొటో. ఎడం పక్కన మెయిల్‌బాక్స్ చెట్టు, కాస్త కిందగా. కుడి పక్కనంతా బూడిదరంగు ఆకాశం, మెత్తగా, ఒక్క తీగ లేకుండా, ఒక్క కొమ్మ లేకుండా. నాలుగు వరుసలైనా పడుతుంది అక్కడ. నాకే ఆశ్చర్యం వేసింది. నేను చోటు వదలాలని అనుకోనేలేదు.

"ఫెబీకి ఇది పంపు. కింద నీ పేరు వేయమను."

"మరి ఆ చెత్తబుట్ట ఫొటో పంపొద్దా?" అన్నాను. తప్పించుకోవడానికి ఏదో ఒకటి అనాలి కదా.

ఆయన ముఖంలో నవ్వు లాంటిది వచ్చింది. ఎన్నాళ్ళయిందో నేను అది చూసి.

"పన్నెండేళ్ళు వాక్యంలోంచి తప్పుకుంటూ వచ్చినదానివి. దానికి చోటు ఎక్కడ వదలాలో నీకు తెలియదంటే నేను నమ్ముతాననుకున్నావా? వేలు అడ్డం పెట్టి తీసినప్పుడే అర్థమైంది. ఎంత దూరం లాగుతావో చూద్దామని ఊరుకున్నాను."

అంటే ఈ మహానుభావుడు అన్నీ తెలిసే తిట్టాడన్న మాట. నాకు కోపం రావాలి. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అవి ఆయనకి కనబడకూడదని వెనక్కి తిరిగి రేక్ తీసుకుని మళ్ళీ ఊడ్వడం మొదలుపెట్టాను.

వెనకాల స్టాండు కాళ్ళు విప్పిన చప్పుడు వినిపించింది. ఒక్కో కాలు, ఆగి ఆగి. నేను తిరిగి చూడలేదు. చూస్తే సాయం చేస్తాను, సాయం చేస్తే మానేస్తారు. తర్వాత కెమెరాని స్టాండుకి బిగించిన చప్పుడు. ఎంత పాత అలవాటంటే, నా కాళ్ళు వాటంతటవే పక్కకి కదిలాయి.

"వస్తున్నా, వస్తున్నా. తప్పుకుంటున్నా మీ వాక్యంలోంచి."

"తప్పుకోకు."

ఆగిపోయాను. చెట్టుకి కుడి పక్కన, ఆకాశం ఖాళీగా ఉన్న చోట, సరిగ్గా వాక్యం పడే చోట నిలబడి ఉన్నాను. పాత స్వెటర్, చేతిలో రేక్, కడుక్కోని ముఖం.

"నేనిక్కడ ఉంటే వాక్యం ఎక్కడ పడుతుందండీ?"

"ఇది కేలెండరుకి కాదు." కెమెరా మీదకి వంగి ఉన్నారు, ముఖం కనిపించడం లేదు. గొంతు మాత్రం గాలిలో స్పష్టంగా వచ్చింది. "మళ్ళీ ఎప్పుడైనా అలా కళ్ళు మూసుకోవాల్సి వస్తే, ఆ చోటు ఖాళీగా ఉండకూడదు నాకు."

గాలి ఇంకా పెరిగింది. ఆకులు నా నెత్తి మీద, భుజాల మీద రాలుతున్నాయి. జుట్టు సర్దుకుందామనిపించింది, ముక్కు తుడుచుకుందామనిపించింది, పరిగెత్తుకెళ్ళి ఆ బొత్తాములు సరిగ్గా పెడదామనిపించింది. ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది, ఫొటో తీయడానికి చాలాసేపు పట్టింది. నేను కదల్లేదు.